కొండపాలు

అశ్వని కార్తె, పదో రోజు

ఈ దినచర్య పుస్తకంలో తేదీకి ఒక గడి ఉంది, అందులో అంకెలు వేయాలట. నేను కార్తెలే రాస్తాను. కింద కేంద్రంలో ఎవరికైనా అంకెలు కావాలంటే వాళ్లే మార్చుకుంటారు. ఆరేళ్లుగా మార్చుకుంటూనే ఉన్నారు, దానివల్ల ఎవరికీ జ్వరం రాలేదు.

ఊటలో నీళ్లు మోకాటి దాకా ఉన్నాయి. పోయినేడు ఇదే కార్తెలో తొడ దాకా ఉన్నాయి. మంద తూర్పు వాలులో బోదగడ్డి మేసింది. కర్రిబొల్లి కుంటుతుంటే పట్టుకుని చూశాను, గిట్టల సందులో రేగుముల్లు ఉంది. తీసి పసుపు అద్దాను. ఇప్పపూలు అయిపోయాయి, చెట్ల కింద ఎలుగుబంటి నేలంతా గీకిపోయింది. పొద్దున్నే జింకలాంటి అడవి కొండగొర్రె ఒకటి ఊటలో నీళ్లు తాగుతూ తలెత్తి నన్ను చూసింది. "రా తల్లీ" అనబోయాను, గొంతు పెగల్లేదు. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. గరగరమంటూ వచ్చిన ఆ చప్పుడుకి కొండగొర్రె ఒక్క దూకు దూకి పొదల్లో పడింది.

మధ్యాహ్నం వైర్‌లెస్‌లో దస్తగిరి పలికాడు. అతను కింద మందల కేంద్రంలో గుమాస్తా, ఈ గొంగడికొండ వ్యవహారాలన్నీ అతనే చూస్తాడు. ముఖం ఎరగను, గొంతు మాత్రమే తెలుసు. మృగశిర కార్తె నుంచి కొండల మీద మనుషులు అక్కర్లేదని పైవాళ్లు తేల్చారట. మందను పిలవడం, దొడ్డి తలుపు తీయడం, వేయడం, అన్నీ యంత్రాలే చూసుకుంటాయట. నేను దిగిపోవచ్చట.

సంకటి కెలుకుతున్న తెడ్డు చేతిలోంచి జారి పొయ్యిలో పడింది. ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆరేళ్లలో నేను ఎదురుగా చూసిన మనుషులు పదకొండు మంది, అందులో ఇద్దరు దారి తప్పి వచ్చినవాళ్లు. నా చెల్లెలు రంగమ్మ నాలుగో నీడలో ఉంటోంది. వీధులన్నిటికీ పైకప్పులు వేశాక కింద ఊళ్లను నీడలంటున్నారు. పక్కింట్లో పోపు వేస్తే మనింట్లో తుమ్ములొచ్చేంత దగ్గరగా అక్కడ మనుషులు ఉంటారట. నాకు ఆ తుమ్ములు కావాలి. పక్కింటివాళ్ల పోట్లాటలు కూడా కావాలి.

దస్తగిరి ఒక షరతు చెప్పాడు. ఈ కొండకు రాసిన సంఖ్య నూట నలభై మూడు గొర్రెలు. ఇంతవరకు నెలకోసారి "అన్నీ ఉన్నాయి" అని నా నోటితో చెబితే సరిపోయేది. ఇకమీదట గొర్రెల మెడపట్టీలే లెక్క చెబుతాయి. తొలకరి పడిన రోజున లెక్క నిండుగా ఉంటే మంద కొండ మీదే ఉంటుంది. ఒక్కటి తగ్గినా మందను మొత్తం దించేసి గడ్డి కోసే యంత్రాన్ని ఎక్కిస్తారు. రెండేళ్ల కింద ఎర్రగుట్ట మందను అట్లాగే దించారు. ఇప్పుడా గుట్ట గడ్డి అంతా ఒకే ఎత్తున ఉంటుంది, అందులో గిట్ట పడిన గుంట ఒక్కటీ లేదు. గిట్ట గుంటల్లో నిలిచే నీళ్లు లేక పురుగు లేదు, పురుగు లేక పిట్ట లేదు. దిగిన మంద మళ్లీ ఎక్కిందీ లేదు.

నీ మందకేం పరవాలేదు కదా అని దస్తగిరి అడిగాడు. ఏం పరవాలేదని చెప్పాను.

భరణి కార్తె, రెండో రోజు

పరవా ఉంది.

పొద్దు వాలగానే కొట్టం ముందు స్తంభానికి కట్టిన కొమ్ము పిలుపు మొదలుపెట్టింది. అందులోంచి వచ్చేది నా గొంతే. ఆరేళ్ల కింద కేంద్రం నుంచి ఇద్దరు వచ్చి, సుంకులమ్మా, సాయంత్రం మందను ఎట్లా పిలుస్తావో మొత్తం చెప్పు, ఒక్క ముక్క వదలొద్దు అన్నారు. మా నాయన నడిపెన్న నేర్పినట్టే చెప్పాను. దాన్ని పట్టుకుపోయి కొమ్ములో పెట్టారు, ఒక్కో పేరుకు ఒక్కో మెడపట్టీ చేసి పంపారు. పేరు పిలవగానే ఆ పట్టీ మెడ మీద సన్నగా జిల పెడుతుంది, గొర్రె మే అంటుంది. ఒంటి వేడి తగులుతున్నంత కాలం పట్టీ కేంద్రానికి తాను ఉన్నానని చెబుతుంది. గొర్రె చస్తే దాని పేరూ పట్టీ దాని పిల్లకు వస్తాయి. మిగులు పిల్లలు తీగతొట్టిలో, అంటే కొండకూ కేంద్రానికీ మధ్య తీగ మీద నడిచే తొట్టిలో, కిందికి పోతాయి. పేర్లు మాత్రం తగ్గవు, పెరగవు.

ఈ రోజు పట్టీలు చెప్పిన లెక్క కేంద్రం చీటీ మీద తొట్టిలో వచ్చింది, నూట నలభై రెండు.

దొడ్డి చుట్టూ పరిగెత్తాను. పుల్ల, దోర, చుక్కలదోర, బొల్లి, కర్రిబొల్లి, చెవులమచ్చ, అందరి ముఖాలూ చూసుకుంటూ వెళ్లాను. ఎవరూ తప్పిపోలేదు. మా వాళ్లు గొర్రెలను లెక్కపెట్టరు, ముఖాలే చూస్తారు. లెక్కపెడితే తరుగుతాయని భయం. మందలో ఎన్ని ఉన్నాయని ఎవరడిగినా మా నాయన "ఉండాల్సినన్ని" అనేవాడు. నేను కూడా ఏనాడూ ఒకటి, రెండు అని వేలు చూపించి ఎరగను. అందుకే కేంద్రం చీటీలో తప్పిపోయినదాని పేరు చదివాక గాని నాకు విషయం బోధపడలేదు. నూట నలభై మూడో నంబరు, కొండపాల.

చీటీని దీపం దగ్గరికి తెచ్చి మళ్లీ చదివాను.

కొండపాల గొర్రె కాదు. సాయంత్రం పిలుపులో ఆఖరి పేరు, అంతే. మా పెద్దలు మొదటిసారి ఈ కొండ మీదికి మందను తోలినప్పుడు, మేపుకోనిచ్చినందుకు కొండకు ఒక గొర్రెను వదలాలనుకున్నారట. తీరా ఏ గొర్రె ముఖం చూసినా మనసొప్పక ఒక పేరును మాత్రం వదిలారు. కొండ పాలు, అంటే కొండ వంతు. గొర్రెను ఇవ్వలేక పేరిచ్చిన పిసినారి వంశమని మా అమ్మ జీవితాంతం మా నాయనను ఎగతాళి చేసింది. అప్పటి నుంచి రోజూ మందంతా దొడ్డిలో చేరాక చివర్న "కొండపాలా" అని పిలుస్తారు. ఎవరూ పలకరు. గొంగడి మడిచేంత సేపు ఆగి, "సరే, నీ దగ్గరే ఉండనీ" అని కొండతో అంటారు. ఆ మాట విన్నాకే గొర్రెలు మోకాళ్లు మడిచి పడుకుంటాయి.

ఒక్క ముక్క వదలొద్దన్నారు కదా అని నేను ఒక్క ముక్కా వదల్లేదు. అప్పుడు నూట నలభై మూడు పట్టీలు వచ్చాయి. ఒకటి మిగిలితే అదనంగా పంపారనుకుని రేకు డబ్బాలో సూదులతో పాటు పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

భరణి కార్తె, ఆరో రోజు

దస్తగిరికి నిజం చెప్పాను. మనిషి మంచివాడే గాని నీడల్లో పుట్టి పెరిగాడు. అంతా విని, "ఈ కొండపాలు రోజుకు ఎన్ని లీటర్లు వస్తాయక్కా?" అని అడిగాడు. తాగే పాలు కావయ్యా, వంతు అని చెప్పాను. అయితే కొండగొర్రెకు పట్టీ కట్టినావా, అడవి జంతువును ముట్టుకుంటే కేసు అవుతుందని కంగారుపడ్డాడు. నీడలు వచ్చి ఇల్లు పోయింది, వాకిలి పోయింది, మాటకు అర్థం కూడా పోయిందని కోపం వచ్చింది. కోపంలోనే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి అర్థమైందన్నాడు.

లెక్కలోంచి తీసేసి, పిలుపులో మాత్రం ఆ పేరు ఉంచమని అడిగాను.

"యంత్రానికి అది తెల్దక్కా. పేరుంటే గొర్రె ఉండాల. గొర్రె ల్యాకపోతే పేరు ఉండకూడదు. లేని గొర్రెను ఉందని రాయించినావని పైకి తెలిస్తే మోసమంటారు, అప్పుడూ మందను దించుతారు."

చివరికి అతనే ఒక దారి చూపించాడు. తొలకరి లోపల సహజంగా చచ్చిన గొర్రె ఒకదాన్ని లెక్కలోంచి కొట్టేయొచ్చట. సంఖ్య నూట నలభై రెండు అవుతుంది, లెక్క నిండుతుంది. చీటీ తొట్టిలో వచ్చింది. గొర్రె పేరు అన్న చోట కొండపాల అని రాశాను. స్థితి అన్న చోట చనిపోయింది అని రాయడానికి చాలాసేపు పట్టింది. మా నాయన పోయినప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు, అప్పుడు పక్కన మనుషులున్నారు. కారణం అన్న చోట వయసు అని రాశాను. అదొక్కటే అబద్ధం కాదేమో.

భరణి కార్తె, ఎనిమిదో రోజు

నిన్న సాయంత్రం కొమ్ము నూట నలభై రెండు పేర్లు పిలిచి టక్కున ఆగిపోయింది. పేరుతో పాటు ఆ తర్వాతి మాట కూడా పోయింది. గొర్రెలు తలలెత్తి కొమ్ము వైపు చూస్తూ నిలబడ్డాయి. అలవాటు పడతాయిలే అనుకుని నా పని నేను చేసుకున్నాను.

పొద్దున దొడ్డి ఊడుస్తూ నేల మీద చేయి పెట్టి చూశాను. మంద పడుకుని లేచిన నేల వెచ్చగా ఉంటుంది, ఒక్కో ఒంటికి ఒక్కో గుంట పడి ఉంటుంది. ఈ రోజు నేల చల్లగా ఉంది. గుంటలు లేవు. దుమ్ములో అన్నీ గిట్టల గుర్తులే.

కృత్తిక కార్తె, మొదటి రోజు

వారం రోజులుగా మంద పడుకోలేదు. పగలు చెట్ల నీడన నిలబడే తూగుతున్నాయి. తూలి పడినవి ఉలిక్కిపడి లేస్తున్నాయి. నెమరు వేయడం మానేశాయి. కడుపులో గడ్డి గడ్డిగానే ఉండి డొక్కలు ఉబ్బుతున్నాయి, వాము నీళ్లు పట్టిస్తున్నాను. ఒక్కదాన్ని నూట నలభై రెండింటికి ఎంతని పట్టిస్తాను?

కొమ్ము ఆగగానే నేనే పిలిచి చూశాను. దొడ్డి వాకిట నిలబడి "కొండపాలా" అన్నాను. గొంతు గరగరలాడింది, చివర తెగిపోయింది. ఒక్క గొర్రె కూడా నా వైపు తిరగలేదు. అన్నీ కొమ్మునే చూస్తున్నాయి. ఈసారి గొంతు సవరించుకుని, మా నాయన ఎట్లా సాగదీసేవాడో అట్లా సాగదీసి పిలిచాను. చెవులమచ్చ ఒక్కసారి చెవి ఆడించి మళ్లీ కొమ్ము వైపు తిరిగింది.

అవి ఆరేళ్లుగా వింటున్నది ఆరేళ్ల కిందటి నా గొంతు. ఆ గొంతుకు మనుషులతో మాట్లాడే అలవాటు ఉండేది. ఇప్పుడున్న నేను వాటికి తెలియదు. ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను, ఎవరున్నారు గనక సిగ్గుపడడానికి.

కృత్తిక కార్తె, నాలుగో రోజు

చుక్కలదోర ఈసుకుపోయింది. నెలలు నిండని పిల్ల, నా మోచేయంత ఉంది. ఒంటి మీద ఇంకా బొచ్చు రాలేదు. ఉసిరి చెట్టు కింద గుంట తీసి పెట్టి, నక్క తవ్వకుండా రాళ్లు పేర్చాను. చుక్కలదోర అక్కడే నిలబడి ఉంది. కట్టెతో అదిలించలేకపోయాను.

కడుపుతో ఉన్నవి ఇంకా చాలా ఉన్నాయి. ఇట్లాగే ఉంటే వానలదాకా సగం మంద కూడా ఉండదు. లెక్క నిండాలని పేరు తీయించాను, ఇప్పుడు లెక్కలోని గొర్రెలే పోతున్నాయి.

దస్తగిరిని పిలిచి చుక్కలదోర సంగతి చెప్పాను. అతనింట్లో అప్పుడే ఎవరో బిడ్డకు పాట పాడుతున్నారు, వైర్‌లెస్‌లో వినబడింది. మనిషి పాట విని ఎన్నాళ్లైందో. నేను మాట ఆపి వింటున్నాను. అతను రెండుసార్లు "అక్కా, ఉండావా?" అని అడిగాక గాని పలకలేదు.

చచ్చిందనుకున్న గొర్రె మళ్లీ దొరికితే పేరు తిరిగి ఎక్కించొచ్చని చెప్పాడు. దాని పట్టీ ఒంటి వేడితో వరుసగా రెండు సాయంత్రాలు కేంద్రానికి పలికితే చాలట. అయితే అట్లా తిరిగి ఎక్కిన పేరును పట్టీ వెచ్చగా ఉన్న రోజే కొమ్ము పిలుస్తుందట. పేరు ఎక్కాక తొలకరి నాటికి అది ఉండి తీరాలి, తర్వాత కూడా ఉండాలి.

కృత్తిక కార్తె, పదో రోజు

తల్లి లేని పిల్ల ఒకటి ఉంది, కిందికి పంపలేక దాచుకున్నది. నా చేత్తో పాలు తాగి పెరిగింది. డబ్బాలోంచి నూట నలభై మూడో పట్టీ తీసి దుమ్ము తుడిచి దానికి కట్టాను. రెండో సాయంత్రానికి పేరు మళ్లీ ఎక్కింది. మూడో సాయంత్రం కొమ్ము ఆఖర్న "కొండపాలా" అని పిలిచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

పట్టీ జిల పెట్టేసరికి పిల్ల మే అంది.

కొమ్ము తన మానాన తాను ఆగి, "సరే, నీ దగ్గరే ఉండనీ" అంది. మంద కదలలేదు. అన్నీ తలలు తిప్పి పిల్లను చూశాయి. పలకకూడని చోట ఎవరో పలికారు. పెద్ద గొర్రెలకు అది ఏమనిపించిందో నాకు తెలియదు గాని ఆ రోజూ నేల చల్లగానే ఉంది. మర్నాడు పొద్దున చూస్తే పిల్ల దొడ్డి కంపకు అవతల పడి ఉంది, కుమ్మి తోసేశాయి. పక్కటెముకలు కమిలిపోయాయి. నేను పట్టీ విప్పుతుంటే కూడా అది నా వేళ్లు చప్పరించింది.

పట్టీ చల్లబడగానే కొమ్ము ఆఖరి పేరు మళ్లీ మానేసింది. ఇంకో పిల్లకు కట్టినా ఇంతే. పెద్దదానికి కట్టినా ఇంతే. పిలిస్తే పలకకుండా ఉండడం గొర్రెకు చేతకాదు.

రోహిణి కార్తె, రెండో రోజు

ఎండకు బండలు పగులుతున్నాయి. ఊటలో నీళ్లు చీలమండ దాకా వచ్చాయి. ఇంకో రెండు ఈసుకుపోయాయి. పుల్ల ముక్కులోంచి నురగ వస్తోంది.

తీగతొట్టిలో ఉప్పుగడ్డలతో పాటు రంగమ్మ ఉత్తరం వచ్చింది. చిన్నప్పటి నుంచి దానికి అక్షరాలు బెల్లం చుట్టూ చీమల్లా చేరిపోతాయి, ఒకదాని మీద ఒకటి రాస్తుంది. అక్కా, నీ మంచం నా మంచం పక్కనే వేసినాను, మధ్యలో చేయి చాపితే తగుల్తాది అని రాసింది. పక్కింటి సుభానమ్మ నీకోసం దుప్పటి కుట్టింది, మాట్లాడడం మర్చిపోయింటావు, నేను నేర్పుతాలే అని కూడా రాసింది. ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. మంచం మీద పడుకుని పక్కకు చేయి చాపి చూశాను. తడిక తగిలింది.

సాయంత్రం కొమ్ము మోగడానికి ముందు పట్టీ నా చేతిలో ఉంది. పగులు ఎక్కడైనా ఉందేమోనని చూస్తున్నాను, అంతే. గొర్రె మెడకు చేసినదైనా రెండు రంధ్రాలు వదులు చేస్తే నా మెడకూ సరిపోయింది. ఒంటి వేడికి పట్టీ మేలుకుంది, చిన్న దీపం ఆకుపచ్చగా వెలిగింది. విప్పేద్దామని చేయి పెట్టేలోపు పిలుపు మొదలైంది. దొడ్డి వాకిట నిలబడిపోయాను.

నూట నలభై రెండు పేర్లకూ నూట నలభై రెండు పలుకులు వినిపించాయి, కొన్ని మరీ నీరసంగా. తర్వాత నా గొంతు నన్ను పిలిచింది.

మెడ మీద సన్నగా జిల పుట్టింది. నేను పలకలేదు. ఎవరైనా పిలిస్తే పలకకుండా ఉండడం కష్టమే గాని, ఎవరూ పిలవని చోట ఆరేళ్లున్నాక ఊరుకోవడం బాగా అలవాటైంది. గొంగడి మడిచేంత సేపు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కొమ్ము చెప్పాల్సిన మాట చెప్పింది.

చెవులమచ్చ ముందుకాళ్లు మడిచింది. దాని పక్కన దోర, ఆ పక్కన కర్రిబొల్లి. ఒకదాని వెనక ఒకటి మందంతా నేల మీదికి దిగింది. కాసేపటికి దొడ్డి నిండా నెమరు చప్పుడు మొదలైంది, చిన్న వాన పడుతున్నట్టు. దొడ్డి తలుపు పట్టుకుని వింటూ ఉండిపోయాను.

పొద్దున నేల వెచ్చగా ఉంది.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

లెక్క నూట నలభై మూడు. పుల్ల ముక్కు ఆరిపోయింది. గుంటలు మళ్లీ పడ్డాయి, ఆ తల్లి లేని పిల్లది కూడా ఒక చిన్న గుంట పెద్దవాటి మధ్య కనిపించింది. ఊట దగ్గర ఇన్నాళ్లకు కొండగొర్రె మళ్లీ వచ్చింది, వెనక దాని పిల్ల ఉంది.

నాకు అర్థం కానిదేమీ లేదు. ఈ పట్టీ వెచ్చగా ఉండాలి, కొండ దాటకూడదు, పిలిస్తే పలకకూడదు. నేను దిగిన రోజు లెక్క ఒకటి తగ్గుతుంది. పట్టీని ఇక్కడ వదిలి దిగితే అది చల్లబడుతుంది. కుక్కకు కడదామంటే కొండ మీద కుక్కలను ఉంచకూడదని చట్టం. ఇంకో మనిషి రావడానికి ఇక వీల్లేదు. వారం రోజులుగా వేరే దారి వెతుకుతున్నాను. దొరకాలని ఎంత ఉందో చెప్పలేను. పట్టీ విప్పేసి, తొట్టిలో కూర్చుని, కళ్లు మూసుకుని కిందికి వెళ్లిపోతే ఎవరు నన్ను అడుగుతారు? గొర్రెలు అడగవు. అవి నిలబడి కొమ్మును చూస్తుంటాయి, అంతే.

గొర్రెను ఇవ్వలేక పేరిచ్చారని అమ్మ నవ్వేది. ఆ పేరు ఎప్పటికైనా ఒక ఒంటిని వెతుక్కుంటుందని మా వాళ్లకు తట్టలేదు.

మృగశిర కార్తె, మొదటి రోజు

పొద్దున్నే పడమటి నుంచి మబ్బు ఎక్కింది. మొదటి చినుకు సంకటి కుండ మీద పడి చుయ్యిమంది. తర్వాత వాన దంచి కొట్టింది. గొర్రెలన్నీ తలలు దించుకుని తడుస్తుంటే కొండంతా తడి ఉన్ని వాసన వచ్చింది. ఆ వాసన నాకు ఇష్టమని ఇన్నేళ్లలో ఒక్కసారైనా రాశానో లేదో, ఇప్పుడు రాస్తున్నాను.

మధ్యాహ్నం దస్తగిరి పలికాడు. లెక్క నిండిందట, మంద ఇక్కడే ఉంటుందట, పైవాళ్లు సంతకం చేశారట. ఈ రోజుతో వైర్‌లెస్ ఆపేస్తారు, మనుషులు లేని కొండకు అది ఎందుకని. తొట్టి మాత్రం నెలకోసారి గొర్రెలకు ఉప్పుగడ్డలు తెస్తుంది. సాయంత్రం లోపల నేను ఆ తొట్టిలోనే దిగాలి. అంతా చెప్పాక మాట మార్చి, నూట నలభై మూడో గొర్రె ఎక్కడెక్కడ తిరిగిందో పట్టీ చెప్పిన నడక కాగితం తన ముందుందని అన్నాడు.

"అది పొయ్యి దగ్గర శానాసేపు ఉంటాందక్కా."

"చలికి" అన్నాను.

"మంచం మీద కూడా పడుకుంటాంది."

మెడ మీది పట్టీని చేత్తో కప్పుకున్నాను. వైర్‌లెస్‌లో అతని ఊపిరి వినబడుతోంది. తర్వాత కాగితం మీద కలం గీరిన చప్పుడు వచ్చింది.

"చలికి అని రాసుకున్నా. ఆ గొర్రెకు ఒంట్లో బాగల్యేదని, నెలకు పది శేర్ల రాగులు, మిరపకాయలు, చింతపండు దాణా రాసినా. ఉప్పుతో పాటు వస్తాయి. ఇంకేమన్నా తింటాదా అక్కా ఆ గొర్రె?"

"ఆవాలు" అన్నాను. "పోపుకు."

రాసుకున్నాడు. అతని బిడ్డ పేరేమిటని అడిగాను. మల్లికా అని చెప్పాడు. ఆ పేరును ఒకసారి పైకి అన్నాను, మనిషి పేరు నోట్లో ఎట్లా ఉంటుందో చూద్దామని. తర్వాత వైర్‌లెస్‌లో దీపం ఆరిపోయింది.

ఖాళీ తొట్టిలో రంగమ్మకు ఉత్తరం పెట్టి పంపాను. మంచం తీసేయొద్దని, దాని మీద సుభానమ్మను కూర్చోబెట్టి మాట్లాడుకుంటూ ఉండమని రాశాను. తీగ మీద తొట్టి మబ్బులోకి పోయేంతవరకు చూశాను. చేయి కూడా ఊపాను, ఎవరికో తెలియదు.

ఇది పుస్తకంలో ఆఖరి కాగితం. కొత్త పుస్తకం రాదు.

పొద్దు వాలింది, వాన వెలిసింది. మంద దొడ్డిలోకి చేరింది. కొమ్ము పేర్లన్నీ పిలిచింది, అందరూ పలికారు. చివరికి ఆరేళ్ల కిందటి సుంకులమ్మ, గొంతు నిండా మనుషులున్న సుంకులమ్మ, నన్ను పిలిచింది. నేను తడిసిన గొంగడిని దులిపి, అంచులు కలిపి, నిదానంగా మడిచాను.

"సరే, నీ దగ్గరే ఉండనీ" అంది కొండతో.

గొర్రెలు ఒకటొకటిగా మోకాళ్లు మడిచాయి. నేనూ కూర్చున్నాను.